ఎడమ టైరు గోల

"ఈ ఆదివారం కూడా కుదరదు సార్," అన్నాడు మెకానిక్, రెక్క కిందనుంచి పాక్కుంటూ బయటికొచ్చి.

పైలట్ మెల్లిగా తల తిప్పి చూశాడు. వెనకాలే అత్తగారు నిలబడి ఉంది మరి. కొత్త చలువ కళ్ళద్దాలు, చెవుల్లో దూది, చేతిలో నిమ్మబిళ్ళల పొట్లం. ఎగరడమే తరువాయి.

"మళ్ళీ ఆ ఎడమ టైరేనా?" అంది ఆవిడ.

ఆ టైరే. బయటివైపు అంచు గరుకు తేలి, గాళ్ళన్నీ మాయమైపోయాయి. లోపలివైపు మాత్రం నిన్న కొన్నట్టుంది. కుడి టైరుకు ఏ రోగమూ లేదు. నలుగురు పట్టే ఆ చిన్న విమానానికి నెల తిరక్కుండా ఇది మూడో ఎడమ టైరు.

పైలట్‌కి పెళ్ళయి తొమ్మిదేళ్ళు. ఈ తొమ్మిదేళ్ళలో అత్తగారు అతన్ని ఒక్కసారి కూడా అల్లుడని పిలవలేదు. డ్రైవరు గారూ అంటుంది. పదిమందిలోనూ అంతే. పిల్లనిచ్చేటప్పుడు పైలట్ అన్నారట గానీ, విమానం ఇంత బుల్లిదని ఎవరూ చెప్పలేదట. తనని ఎక్కించుకుని ఊరి మీద ఓ చుట్టు తిప్పిన రోజున అల్లుడని పిలుస్తానని ఈమధ్యే చుట్టాలందరి ముందూ మాటిచ్చింది. ఆ పిలుపు కోసం అతను మొహం వాచిపోయి ఉన్నాడు.

ఆవిడ అప్పుడే వీధంతా టాంటాం వేసేసింది. పైనుంచి అందరి మేడలూ చూడబోతున్నాననీ, పాత సామాన్లేవైనా ఉంటే ముందే తీసేసుకోమనీ ఇంటింటికీ చెప్పొచ్చింది.

మెకానిక్ కూడా పట్టుదల మనిషే. మొదట గాలి చూశాడు. గాలి తక్కువైతే రెండంచులూ అరుగుతాయి, ఎక్కువైతే మధ్యలో అరుగుతుంది. ఇక్కడ రెండూ కాదు. చక్రాన్ని జాకీ మీద ఎత్తి తిప్పాడు. బ్రేకు పట్టేయడం లేదు. చక్రం పక్కకి తిరిగిందేమోనని దారం కట్టి కొలిచాడు. వెంట్రుకవాసి తేడా కనిపిస్తే, ఇరుసు దగ్గర పల్చటి రేకుముక్క పెట్టి దాన్నీ సరిచేశాడు. చివరికి టైరుని ఊడదీసి, అరిగిన అంచు లోపలికి వెళ్ళేలా తిరగేసి బిగించాడు. వారం తిరిగేసరికి, బయటికొచ్చిన కొత్త అంచు కూడా బోడైపోయింది.

ఇరవై ఏళ్ళ సర్వీసులో ఇంత మొండి టైరుని చూళ్ళేదని మెకానిక్ చేతులెత్తేశాడు.

ఇక అనుమానించడానికి మిగిలింది పైలటే. అత్తగారు ఆ మాట కడుపులో దాచుకోలేదు. "విమానాన్ని ఒంటికాలి మీద దించుతున్నారేమో చూసుకోండి డ్రైవరు గారూ," అంది. భోజనాల దగ్గర భార్య ఇంకా సూటిగా అడిగేసింది, అమ్మని ఎక్కించుకోవడం ఇష్టంలేక కావాలనే వంకరగా దించుతున్నారా అని. పాపం, అతను సగం భోజనంలోనే లేచి చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు మెకానిక్ నాలుగో టైరు బిగించి, రన్‌వే పక్కన గడ్డిలో బోర్లా పడుకుని మరీ చూశాడు. పన్నెండుసార్లు దించితే పన్నెండుసార్లూ రెండు చక్రాలూ ఒక్కసారే నేలకి తగిలాయి. అయినా పైలట్ ఊరుకోలేదు. నేలమీద ఒక చక్రానికే బ్రేకు బిగించి విమానాన్ని గిర్రున తిప్పడం మానేశాడు. మలుపు దగ్గర ఎంత నెమ్మదిగా వెళ్ళేవాడంటే, గడ్డి కోసే ట్రాక్టరువాడు వెనకనుంచి హారన్ కొట్టి దాటుకుపోయేవాడు.

ఈ గొడవలో అత్తగారి ఉత్సాహం మాత్రం ఇసుమంత కూడా తగ్గలేదు. ఇంటికీ విమానం షెడ్డుకీ ఒక్క వీధే దూరం. రోజూ మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళేవేళకి ముక్కాలిపీట పట్టుకుని వచ్చేసేది. గంటసేపు రెక్క నీడలో కూర్చునేది. ఎక్కబోయేదానికి ముందుగా కాస్త అలవాటు పడొద్దా అనేది. ఆవిడ ఆశ చూసి పైలట్‌కి జాలేసేది.

ఇన్ని జాగ్రత్తల మధ్య వారం గడిచింది. మళ్ళీ ఆదివారం వచ్చింది. పైలట్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మెకానిక్ రెక్క కిందికి దూరాడు. చాలాసేపు బయటికి రాలేదు.

"లోపలి పోగులు కనిపిస్తున్నాయి సార్," అన్నాడు వచ్చి. "దీంతో ఎగిరితే దిగేటప్పుడు పేలుతుంది."

పైలట్ ఉన్నచోటే సిమెంటు నేల మీద కూలబడ్డాడు.

"మీరన్నదే నిజం అత్తయ్యా. నేను డ్రైవర్నే. నాకు దించడం చేతకావట్లేదు. రేపే లైసెన్సు తిరిగిచ్చేస్తాను," అన్నాడు. అంతలేసి మనిషి, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

అత్తగారు కళ్ళద్దాలు తీసింది. తర్వాత వంగి అతని భుజం మీద చెయ్యి వేసింది.

"లేవండి అల్లుడుగారూ. మీ తప్పేం లేదు."

అతను తలెత్తాడు. తన చెవుల్ని తనే నమ్మలేక మెకానిక్ వంక చూశాడు. మెకానిక్ అవునన్నట్టు తలాడించాడు.

"మీకన్నా బాగా దించేవాళ్ళెవరున్నారు? ఆ లైసెన్సు జోలికి మాత్రం వెళ్ళకండి," అంది అత్తగారు. "నాదేముంది, ఎప్పుడైనా ఎక్కుతాను. తొందరేం లేదు."

అతను సంతోషం పట్టలేక మెకానిక్‌ని కావలించుకున్నాడు. ఇస్త్రీ చొక్కా అంతా గ్రీజైంది. అల్లుడని పిలిపించుకున్నాక ఇక ఆగుతాడా, వచ్చే ఆదివారం ఆకాశం విరిగి మీదపడ్డా సరే ఆవిడని ఎగరేసి తీరతానని ఒట్టేశాడు.

ఇంటికెళ్ళే దారిలో అత్తగారు ఇనప సామాన్ల కొట్టు దగ్గర ఆగి, చేతిసంచిలోంచి నున్నగా అయిపోయిన ఆకురాయి ఒకటి తీసి కొట్టతని ముందు పెట్టి, "దీనికన్నా గరుకుది ఇవ్వు నాయనా, ఇది నాలుగు టైర్లకే అరిగిపోయింది," అంది.