మధు ఆఖరి మ్యాచ్

"మళ్ల ఆపిండ్లు! ఇప్పుడే గదా షురూ జేసింది?" సాంబయ్య రిమోట్‌ను సోఫాలోకి విసిరాడు.

శకుంతల దాన్ని తీసి, ప్లాస్టిక్ కవర్ సర్ది, టీవీ పక్కన పెట్టింది. ఆ ఇంట్లో టీవీ మారదు. రిమోట్ కవర్ మాత్రం ఏటా మారుతుంది.

తెర మీద హెల్మెట్లు పెట్టుకున్న మనుషులు గుండ్రంగా నిలబడి, తలలు వంచి మాట్లాడుకుంటున్నారు.

"ఏం ముచ్చట వెడుతాండ్లు?" అడిగాడు ఎదురింటి ఓంప్రకాశ్. ఆయనది హార్డ్‌వేర్ దుకాణం. పక్కవాళ్ల ఇంట్లో గొడవ జరుగుతున్నప్పుడు సరిగ్గా టీ వేళకు వస్తాడు.

"ప్లాన్ వేసుకుంటాండ్లు అంకుల్," అంది సాంబయ్య కూతురు స్రవంతి. హైదరాబాద్‌లో జరుగుతున్న మ్యాచ్‌ను ఫోన్‌లోంచి టీవీకి ఎక్కించింది ఆమే.

"ఇంటికాడ్నే వేసుకొని రావద్దా? మన కాలనీ మీటింగ్ లెక్కనే ఉన్నది. మాటలే గని పని గాదు."

సాంబయ్యకు ఒళ్లు మండింది.

ఆయన కొడుకు మధు మొదట్లో హర్డిల్స్ పరుగెత్తేవాడు. యూనివర్సిటీకి పతకాలు తెచ్చాడు. అడ్డాలు దూకడం ఏం ఉద్యోగమో సాంబయ్యకు అర్థమయ్యేలోపే, ఆ దూకుడు చూసి హైదరాబాద్‌లో ఒక అమెరికన్ ఫుట్‌బాల్ టీం జీతమిచ్చి తీసుకుంది. అప్పటి నుంచి పెళ్లిళ్లలో ఎవరైనా "అబ్బాయి ఏం జేస్తాండు?" అనగానే సాంబయ్య భోజనాల వైపు నడుస్తున్నాడు. ఫుట్‌బాల్ అని చెప్పి, కాలితో కాదు చేత్తో అని చెప్పి, ఆ బాల్ గుండ్రంగా కూడా ఉండదని చెప్పేసరికి, అడిగినవాళ్లు జాలిగా చూసి, "ప్రైవేటా?" అంటున్నారు.

మొన్న ఇంటికొచ్చిన కొడుక్కి తెగేసి చెప్పాడు. "ఇదే ఆఖరి ఆట. అది అయిన తెల్లారి సంది మన బట్టల దుకాణంల కూసో."

"మ్యాచ్ ఒక్కసారన్న సూడు బాపూ. సూసినంక నువ్వెట్లంటే గట్లనే," అన్నాడు మధు.

ఇవాళ మధ్యాహ్నం దాకా చీరల బేళ్లు దింపించి, అప్పుడు గానీ కొడుకును హైదరాబాద్ బస్సెక్కనివ్వలేదు సాంబయ్య.

"మనోడు ఏడి?" అన్నాడు ఓంప్రకాశ్.

"ఇరవై ఏడో నంబర్. వీపు మీద పేరున్నది సూడుండ్రి," అంది స్రవంతి.

"పేరెందుకే? నడక సూస్తె తెలుస్తలేదా? అచ్చం మా నాయన నడకనే," అంది శకుంతల.

ఇరవై ఏడో నంబర్ చేతికి బాల్ వచ్చింది. వచ్చినంత వేగంగా జారిపోయింది. నలుగురు మనుషులు వచ్చి అతని మీద పడ్డారు.

"అయ్యో, ఒక్కని మీద అంతమందా! ఆపెటోళ్లు లేరా?" శకుంతల లేచి దేవుడి గది వైపు పరుగెత్తింది.

"సాంబన్నా, పోరడు బాల్ ఇడిసిపెట్టిండు," అన్నాడు ఓంప్రకాశ్, అందరికీ కనిపించిందే.

"నాకెర్క లేదా? చిన్నప్పటి సంది గంతే. పాల ప్యాకెట్ గూడ సక్కగ పట్టలే. రేపు దుకాణంల బట్ట కొలిచే మీటర్ కట్టె పట్టుకుంటడో, గది గూడ జారిడుస్తడో!"

ఆట ఆగింది. మీటింగ్ జరిగింది. ఆట మొదలైంది. ఆగింది. సాంబయ్య బీపీ మాత్ర వేసుకున్నాడు. ఓంప్రకాశ్ రెండో టీ తాగాడు.

ఆఖర్లో బాల్ మళ్లీ ఇరవై ఏడో నంబర్ దగ్గరికొచ్చింది. ఈసారి జారలేదు. పరుగు అందుకున్నాడు. ఒకడు పక్కకు తప్పుకున్నాడు, ఇంకొకడు తప్పుకోక పడ్డాడు. మూడోవాడు కాళ్లకు అడ్డంగా దూకాడు. ఇరవై ఏడో నంబర్ వాడి మీద నుంచి గాల్లోకి లేచి, అవతల దిగి, ఆగకుండా గీత దాటేశాడు.

"అగో, దుంకిండు!" సాంబయ్య సోఫా ఎక్కి నిలబడ్డాడు. "నా కొడుకు! మోరీలు దుంకుడు నేర్పిందే నేను!"

ఆ మురికికాలువలు దూకినందుకు వీపు వాయించింది కూడా ఆయనే.

శకుంతల ఏడుస్తోంది. స్రవంతి అరుస్తోంది. ఓంప్రకాశ్ మూడో టీ అడిగాడు.

"ఓంప్రకాశ్, నువ్వే సాక్షివి. పోరడు దుకాణంల కూసోడు. ఆటనే ఆడుతడు," అన్నాడు సాంబయ్య.

ఇంకో దుకాణదారు ముందు ఇచ్చిన మాటను ఆయన ఇంతవరకు వెనక్కి తీసుకోలేదు. తీసుకుంటే బజారులో తలెత్తుకోలేడు.

మ్యాచ్ అయిపోగానే కొడుక్కి ఫోన్ చేశాడు.

"బాపూ, నేనే చేద్దామనుకుంటాన..." మధు రొప్పుతున్నాడు.

"నువ్వేం మాట్లాడకు, దమ్ము తీసుకో. అంత సూసినరా! దుకాణం ముచ్చట ఇడిసిపెట్టు. నీకు చాతనైనన్ని ఏండ్లు ఆడు. ఓంప్రకాశ్ కాక ముంగట అంటాన."

"నిజంగనా బాపూ?"

"మాటంటే మాట."

"జర ఒక్క ముచ్చట ఇను. ఇయ్యాల కోచ్ నా షర్టు ఇంకొక..."

"షర్టు చినిగితే చినిగింది తియ్. మనది బట్టల దుకాణమేనాయె! వెనక ఆ అరుపులేంది? నీ కోసమేనా?"

"నా కోసమే బాపూ. జల్ది రమ్మంటాండ్లు."

"పో బిడ్డా, పో! జనాన్ని నిలవెట్టకు!"

సాంబయ్య ఫోన్ పెట్టేసి, కళ్లు తుడుచుకుని, పెళ్లిళ్లలో ఇక ఏం చెప్పాలో ఓంప్రకాశ్‌కు చెప్పి చూపించడం మొదలుపెట్టాడు.

హైదరాబాద్ ఇంకా గంట దూరం ఉండగానే, భువనగిరి దగ్గర, మధు ఫోన్ జేబులో పెట్టుకుని, ఆగిపోయిన బస్సును మళ్లీ నెట్టసాగాడు.