వద్దన్న గది

"ఈ గది నీకొద్దు తమ్ముడూ," అన్నాడు బ్రోకర్ తాళం తీస్తూనే. "మధ్యాహ్నమైతే పొయ్యిలో కూర్చున్నట్టే."

చదువు ముగిసి, ఉద్యోగం దొరికి, నా జీతానికి అందే గది కోసం ఈ మహానగరమంతా కాళ్లరిగేలా తిరుగుతున్నాను. ఎలుక కన్నాన్ని రాజమహలనే బ్రోకర్లను చూశాను గానీ, ఉన్న గదిని వద్దనేవాణ్ణి ఇతన్నే చూశాను.

"ఎండకి ఓర్చుకుంటాలే అన్నా."

"కుళాయి కారుతుంది. రాత్రంతా చుక్క చుక్కకీ మెలకువొస్తుంది. పైనాయన తెల్లారకముందే మంచం జరుపుతాడు. ఎడమ గోడ పక్కన పడుకుంటే చీమలు."

"ఇక్కడే కాపురమున్నట్టు చెప్తున్నావే!" నవ్వుతూ స్నానాలగది తలుపు తోశాను.

కొక్కేనికి ఎర్రగళ్ల తువ్వాలు, ఇంకా తడిగా. మొన్న ఇతను చూపించిన గదిలోనూ ఇదే తువ్వాలు వేలాడింది. పాత అద్దెవాళ్లు మరిచిపోయారనుకున్నాను.

వెనక్కి తిరిగాను. అతను తాళంచెవి వంకే చూస్తున్నాడు.

"మొన్నటిది ఎవరో తీసేసుకున్నారు," అన్నాడు మెల్లగా. "గది పోతే నాకు చోటు లేదు. పోకపోతే కమిషన్ లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి."

"అందరికీ ఇళ్లు చూపిస్తావు కదన్నా!"

"చూపించడానికి అద్దె కట్టక్కర్లేదుగా."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గదిని ఈ మూల నుంచి ఆ మూల దాకా చూశాను.

"చీమలు నీకు అలవాటే కాబట్టి ఎడమ గోడ నీది. కుడి గోడ నాది. అద్దె చెరిసగం. కమిషన్ అడిగావంటే మాత్రం ఊరుకోను."

అతను వెళ్లి కిటికీ రెక్కలు బార్లా తెరిచాడు.

"నిజం చెప్పాలంటే, ఈ గదికి గాలి భలే వస్తుంది తమ్ముడూ!"