పై గది పిల్ల

ఎస్సై కృష్ణకాంత్ బండి గేటు ముందు ఆగగానే సోమమ్మకు తల కొట్టేసినట్టయింది. చౌటుప్పల్‌లో ఇన్నేళ్ల కాపురంలో పోలీసులు ఆ గడప తొక్కడం ఇదే మొదలు. వాళ్లేం పిలవని పేరంటానికి రాలేదు. పిలిచింది తన భర్త రామచంద్రయ్యే.

పై గదిలో కిరాయికుండే నీమాది టాంజానియా. ఫార్మసీ చదువుకోవడానికి వచ్చింది. ఆ గది ఇప్పుడు రామచంద్రయ్య మేనల్లుడు మల్లేశ్‌కు కావాలి. పరీక్షలయ్యేదాకా కదలనంది నీమా. అంతే, వీసా అయిపోయినా ఇక్కడే ఉంటోందని ఆయన ఠాణాలో చెప్పి వచ్చాడు.

సోమమ్మకు నీమా మొహం చూడాలంటేనే సిగ్గుగా ఉంది. మొన్న చికున్‌గున్యాతో తను మంచాన పడితే జావ కాచి పోసింది ఆ పిల్లే. మనవరాలు నవనీతయితే పొద్దున్నుంచి తాతతో మాట్లాడటం లేదు. "పాపం తాతా, ఆ అక్కను పంపిస్తే చదువు నడుమల ఆగిపోతది" అని ఒక్కసారి మాత్రం అంది. నవనీతది ఈ ఏడు ఇంటర్. కూతురు పుష్ప ఉద్యోగం చేసుకుంటూ సాకలేక, మూడో ఏట తెచ్చి వదిలిన నాటి నుంచీ ఈ ఇంట్లోనే పెరిగింది.

ఎస్సై రెండు కాగితాలు పట్టుకుని వరండాలో కూర్చున్నాడు. నీమా మెట్లు దిగి వచ్చింది.

"పాస్‌పోర్టు మీద వీసా తారీఖు నేనే చూసిన సారూ," రామచంద్రయ్య అందుకున్నాడు. "పోయిన ఎండకాలమే అయిపోయింది. గిసుంటోళ్లను ఉంచుకుంటే రేపు మా మెడకు సుట్టుకుంటది."

"నేనేం తప్పు చేసిన అమ్మా?" అంది నీమా, సోమమ్మ వైపు చూసి. ఆ తెలుగు నవనీత నేర్పిందే. సోమమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నీమా ప్లాస్టిక్ కవర్లోంచి ఒక కాగితం తీసి ఎస్సైకి ఇచ్చింది.

"అక్క ఎంత మంచిగ పెట్టుకుందో చూడు అవ్వా," అంది నవనీత. "నా కాగితాలైతే దేవుని అల్మారల పెట్టి పండుగ పండుగకు పసుపు బొట్లు పెడ్తవు. తీసి చదివినోళ్లే లేరు."

ఎస్సై కాగితం చదివి తలెత్తాడు.

"పెద్దయ్యా, పాస్‌పోర్టు మీదున్నది పాత తారీఖు. పొడిగింపు వేరే కాగితం మీద ఇస్తరు. ఈమెకు వచ్చే ఏడుదాక ఉన్నది. బయటి దేశపోళ్లను కిరాయికి పెట్టుకుంటే మాకియ్యాల్సిన వివరాలు సుత మీరియ్యలే. ఈ పిల్లనే కాలేజీల అడిగి ఆన్‌లైన్ల ఎక్కిచ్చుకున్నది."

రామచంద్రయ్య తల వాలిపోయింది. సోమమ్మకు నిలుచున్న చోటే భూమి చీలి తనను మింగేస్తే బాగుండు అనిపించింది. నవనీత వెళ్లి నీమా చెయ్యి పట్టుకుంది.

అయితే కింద పడ్డా పైచెయ్యి తనదే అనే మనిషి రామచంద్రయ్య. తువ్వాలతో మొహం తుడుచుకుని మళ్లీ గొంతు లేపాడు.

"ఈమెకు ఉంటే ఉండనియ్యి సారూ. నేనన్నదాంట్ల మాత్రం తప్పులేదు. వీసా అయిపోయినోళ్లు ఎవరైతేంది, ఒక్క దినం సుత ఉంచొద్దు. రూలంటే రూలే!"

ఎస్సై తను తెచ్చిన రెండో కాగితం మడత విప్పాడు. వరండాలో ఎవరి మొహమూ చూడకుండా గొంతు తగ్గించి చెప్పాడు.

"మీరు చెప్పిపోయినంక ఈ అడ్రస్ కంప్యూటర్ల కొడితే ఇద్దరొచ్చిండ్రు పెద్దయ్యా. రెండో మనిషి పుట్టింది డాలస్‌ల, పాస్‌పోర్టు అమెరికాది, వీసా అయిపోయి పన్నెండేండ్లు దాటింది, పేరు నవనీత."