ఒక్కరికైనా నయమైతే

“ఇక నావల్ల కాదు సిస్టర్. ఇదిగోండి గది తాళం.”

రువింబో తాళం చెవి బల్లమీద పెట్టేసింది. మనసు చెదిరినవాళ్ళతో మాట్లాడే కౌన్సెలర్ ఆ ఆస్పత్రికంతటికీ ఆమె ఒక్కతే. పోయిన వారం ఆమె దగ్గర కూర్చుని, నవ్వుతూ చెయ్యూపి వెళ్ళిన బడిపంతులు మకోని, ఇంటికెళ్ళి ప్రాణం తీసుకున్నాడు. అప్పట్నుంచీ ఎవరు ఎదురుగా కూర్చున్నా ఆమెకు నోరు పెగలడం లేదు.

“ఆయన పోతే నీదా తప్పు?” అంది పెద్ద నర్సు సిస్టర్ గుంబో.

“నవ్వాడు కదా అని నమ్మేశాను. పక్కింటావిడైనా అంతేగా నమ్మేది! ఇంక నా చదువెందుకు, తగలెయ్యనా?”

“నీకంటే ముందొచ్చిన ఇద్దరూ ఇలాగే ఏడ్చి హరారే బస్సెక్కారు. నువ్వూ ఎక్కు, కాదన్ను. కానీ బయట ముఫారో వాళ్ళమ్మ కూర్చుంది. ఆవిణ్ణి చూసి వెళ్ళు. ఆవిడకీ రవ్వంత గుణం కనబడకపోతే నేనే నిన్ను బస్సెక్కిస్తాను.”

ముఫారో బంగారు గనిలో మట్టిపెళ్ళ విరిగిపడి పోయాడు. కొడుకు పోయినా ఊళ్ళో ఆవిణ్ణి ఆ పేరుతోనే పిలుస్తారు, పిలిచిన ప్రతిసారీ ఆవిడ గుండె కోసినట్టుంటుందని ఎవరికీ తోచదు. ఆవిడ పక్కనున్న రువింబో గదిలోకొచ్చి, మోకాళ్ళు వంచి, పలకరింపుగా అరచేతులు మెల్లగా తట్టి కూర్చుంది.

“రాత్రి నిద్ర పట్టిందా పిన్నీ?”

“నువ్వు పడుకుంటే నేనూ పడుకున్నానమ్మా.”

పొద్దున లేస్తే అందరూ అందరితో అనే మాటే అది. రువింబోకి ఏడుపు తన్నుకొచ్చింది.

“మర్యాదకొద్దీ కాదు పిన్నీ. నిజం చెప్పండి. నాకు నిజం కావాలి.”

ముఫారో తల్లి ఆమె ఉబ్బిన కళ్ళకేసి కాసేపు చూసింది.

“నిజమే చెప్తున్నా. మొన్నట్నుంచి తెల్లారేదాకా ఒళ్ళు తెలీడం లేదు. నిన్న ఆకుకూరతో సాడ్జా రెండు ముద్దలు ఎక్కువే తిన్నా. మా ఆడబిడ్డ మేక పాస్టరుగారి టోపీ నమిలేస్తుంటే పగలబడి నవ్వాను కూడా. నీ దగ్గర కూర్చోకపోతే నేనెప్పుడో మట్టిలో కలిసిపోయేదాన్ని తల్లీ.”

“నిజంగా?”

“నీ మొహం చూస్తే నువ్వే పడుకున్నట్టు లేవు. వెళ్ళి పడుకో పిల్లా!”

రువింబో ఏడుస్తూనే నవ్వింది. ఒక్క మనిషి, ఒక్క మనిషి తనవల్ల బతికింది. అది చాలనిపించింది. సిస్టర్ గదిలోకి వెళ్ళి, బల్లమీది తాళం చెవి తీసుకుంది.

“బస్సు ఎన్నింటికి?” అంది సిస్టర్ గుంబో తలెత్తకుండానే.

“ఎక్కడం లేదు సిస్టర్. తర్వాతివాళ్ళని రమ్మనండి.”

బయట బెంచీమీద తర్వాతి వంతు తినాషే తల్లిది. పక్కన కూర్చుని చెప్పులు తొడుక్కుంటున్న ముఫారో తల్లి చెయ్యి పట్టుకుని, ఆశగా అడిగింది.

“అంతా విన్నానక్కా. నిజంగా నిద్ర పడుతోందా నీకు?”

“ఎక్కడిదే నిద్ర! కన్ను మూస్తే చాలు, మట్టికిందనించి ‘అమ్మా’ అంటాడు వాడు.”

“మరి లోపల అలా అన్నావేంటి?”

“అంతకుముందు ఆ పిల్ల ఏడ్చిన ఏడుపు నువ్వు వినలేదూ? రేకు గోడేగా. ఇదీ వెళ్ళిపోతే మనకింక ఎవరొస్తారు? నువ్వూ బాగానే ఉందని చెప్పు.”

“అందరం బాగుందనే చెప్తే, మన గోడు ఎప్పుడు చెప్పుకుంటామక్కా?”

“ముందు ఆ పిల్లని కోలుకోనీ.”