కొత్తవాళ్లకు కిలో కొసరు

"కొసరెయ్యకుండానే సంచి ముడేస్తావేంటి కసేరా?" అంది సతుర్నీనా.

"ఇక కొసరు లేదు కసేరా," అంది ఇలారియా, బంగాళాదుంపల గుట్ట వెనకనుంచి.

లా కాంచా బజారులో ఇంత మాట ఎవరూ ఎవరినీ అని ఉండరు. అక్కడ వాడుకగా అమ్మేదీ కసేరాయే, వాడుకగా కొనేదీ కసేరాయే. తూకం అయ్యాక పైన నాలుగు దుంపలు పడితేనే బేరం తెగినట్టు. పైగా సతుర్నీనా మామూలు కసేరా కాదు. ఎక్కడో మెస్ నడుపుతుంది. గీచి గీచి బేరమాడి, అసలు మీద కొసరు, కొసరు మీద మళ్లీ కొసరు లాగే మనిషి. ఆమె వెళ్లాక ఇలారియాకు మిగిలేది బస్తా అడుగున మట్టే.

"కొసరు కావాలంటే ఫోన్లో ఆర్డరివ్వాలి. రెండు కిలోలు కొంటే కిలో ఊరికే. కొత్తవాళ్లకే, అదీ మొదటిసారికే."

"ఎదురుగా నిలబడి ఉంటే ఫోన్లో అడగాలా?"

"అడిగినా నీకు రాదులే. నువ్వు పాతదానివి."

పక్కనే ఫోను పట్టుకుని దుంపలను లైవ్‌లో చూపిస్తున్న కూతురు లిజెత్ కిసుక్కున నవ్వింది. సతుర్నీనా తల మీద టోపీ సర్దుకుంది. సంచిలోని దుంపలు మళ్లీ గుట్ట మీదే కుమ్మరించి, ఒక్క తిట్టు కూడా తిట్టకుండా వెళ్లిపోయింది. అది చూసైనా ఇలారియా భయపడాల్సింది.

"పీడ వదిలింది," అందామె. "ఫోన్లో ధరంటే ధరే. బేరమాడే నోరుండదు."

"ఇప్పటివాళ్లు బజారుకు రారమ్మా, వేలితో కొంటారు," అంది లిజెత్. "మొదటిసారి ఇచ్చే కిలో ఎర. రెండోసారి నుంచి పూర్తి ధర. అలవాటు పడ్డాక ఎక్కడికీ పోరు."

మర్నాడు పొద్దుటినుంచీ ఫోను టింగుటింగుమంటూనే ఉంది. ఫొటోల్లో అన్నీ పడుచు మొహాలే. ఒకడు గిటారుతో, ఒకమ్మాయి పిల్లికూనతో. యూనివర్సిటీ గేటు దగ్గరికి తెచ్చివ్వమన్నారు, డబ్బు ఫోన్లోనే కట్టేశారు. ధర తగ్గించమని ఒక్కరూ నోరెత్తలేదు.

"ఏ తల్లులు కన్న బిడ్డలో," అని మురిసిపోయింది ఇలారియా.

ఆ మర్నాడు ఆర్డర్లు ఇంకా ఎక్కువ. సతుర్నీనా మాత్రం బజారు ఛాయలకు రాలేదు. దుంపల్లేకుండా ఉత్త నీళ్లే మరగబెట్టి పోస్తోందేమోలే అని తల్లీకూతుళ్లు నవ్వుకున్నారు.

వారం తిరిగేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. రోజూ కొత్త పేర్లే. గిటారు కుర్రాడు మళ్లీ రాలేదు. పిల్లికూన అమ్మాయీ రాలేదు. ఒక్కరంటే ఒక్కరు రెండోసారి అడగలేదు. ఎర తింటున్నారు, గాలం వదిలేస్తున్నారు. కొసరు కింద బస్తాలకు బస్తాలు కరిగిపోతున్నాయి.

"మన దుంపల్లో ఏదైనా లోపమా?" అని అడిగింది ఇలారియా. నష్టం కన్నా ఆ అనుమానమే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. కొసరు చాలలేదన్నవాళ్లున్నారు గానీ, ఇన్నేళ్లలో ఆమె దుంపకు వంక పెట్టినవాళ్లు లేరు.

"లోపమేంటమ్మా, అందరూ ఐదేసి నక్షత్రాలిచ్చారు."

"నక్షత్రాలు సూప్‌లో వేసుకోమను. నేనే వెళ్లి అడుగుతాను."

ఆ మధ్యాహ్నం సంచులు మోసుకుని తనే గేటు దగ్గర నిలబడింది. కళ్లజోడు కుర్రాడొకడు వచ్చి తన సంచి అందుకున్నాడు.

"నాయనా, దాచకుండా చెప్పు. మా దుంపలు బాగోలేవా?"

"భలే ఉన్నాయి సెన్యోరా. వేరుశనగ సూప్‌లో వెన్నలా కరిగిపోతాయి."

"మరి మీలో ఎవరూ మళ్లీ కొనరేం?"

"కొనేది మేం కాదు కదా. ఫోను మాది, డబ్బు ఆవిడది. ఒక ఫోనుకు ఒక్కసారే రెండో గిన్నె సూప్ ఊరికే పోస్తుంది."

"ఏ ఆవిడ?"

కుర్రాడు ఆగలేదు. ఆకలి మీదున్నాడు. ఇలారియా వాడి వెనకే నడిచింది. సందు తిరిగాక ఇంకో ఇద్దరు కనిపించారు, వాళ్ల చేతుల్లోనూ ఆమె సంచులే. ముగ్గురూ ఒకే వాకిట్లోకి దూరారు. లోపల బల్లల నిండా పిల్లలు, గది నిండా వేరుశనగ సూప్ వాసన. ఓ మూల గిటారు కుర్రాడు ఖాళీ గిన్నె చాపి నిలబడి ఉన్నాడు.

"నీకు లేదు బాబూ. నీ ఫోను పాతదైపోయింది," అంటోంది పొయ్యి దగ్గర గరిటె పట్టుకున్న ఆవిడ. "రెండో గిన్నె కావాలంటే ఇంకా కొననివాణ్ని ఎవణ్నైనా తీసుకురా."

ఆ గొంతు ఇలారియాకు బాగా తెలుసు. ఒళ్లు మండిపోయింది.

"వారం రోజులుగా నా దుంపలు మింగుతున్నది నువ్వా?"

సతుర్నీనా తొణకలేదు. బల్ల తుడిచి, నిండు గిన్నె పెట్టి, పైన ఇంత మిరపకాయ పచ్చడి వేసి, కూర్చోమని సైగ చేసింది. తర్వాత చేతులు గుడ్డకు తుడుచుకుని, కుడిచెయ్యి ముందుకు చాపింది.

"ఇంతమంది కొత్తవాళ్లను తెచ్చిపెట్టాను. ఏదీ కసేరా, దానికి నా కొసరు?"