లోపల ఇంకొకరు

మార్కాపురం బస్టాండు దగ్గర మురళీకృష్ణ, ఆయన భార్య హైమావతి డీటీపీ దుకాణం నడిపేవారు. పలకల పెట్టెలకు లేబుళ్ళు కొట్టేవారు. ఉన్నది ఒక్కటే కంప్యూటరు. అందులో ఇద్దరికీ చెరొక పేరు, చెరొక పాస్‌వర్డు. దుకాణం మూసేముందు "అయిందా హైమా?" అని అడగనిదే ఆయన కంప్యూటరు ఆపేవాడు కాదు.

ఆమె చనిపోయాక, తెర మీద ఆ పేరు చూస్తూ పని చేయలేకపోయాడు. ఈ సాయంత్రం బామ్మర్ది కిరణ్ వచ్చి డిస్కంతా తుడిచేశాడు.

"ఇది విండోస్ కాదు బావా, లినక్స్ ఎక్కించినా. అక్క పేరు యాడా లేదు. నీ ఒక్కని పేరే పెట్టినా," అని కళ్ళు తుడుచుకుంటూ గిద్దలూరు బస్సెక్కాడు.

చీకటి పడింది. పక్క దుకాణాల షట్టర్లు దిగాయి. మురళీకృష్ణ కంప్యూటరు ఆపబోతే తెర మీద ప్రశ్న వచ్చింది.

"లోపల ఇంకొకరు పని చేసుకుంటున్నారు. ఇప్పుడు ఆపితే వారి పని పోతుంది. ఆపమంటారా?"

కింద పేరుంది. హైమావతి.

ఫ్యాను చప్పుడు తప్ప ఏ శబ్దమూ లేదు. ఆయన చేయి మౌసు మీదే ఉండిపోయింది. ఆసుపత్రిలో వెంటిలేటరు చూపించి డాక్టరు కూడా ఇదే మాట అడిగాడు. ఆ రోజు మురళీకృష్ణ ఔనని తల ఊపాడు.

"కానీయ్ హైమా," అన్నాడు పైకే. "నీ పని అయ్యేదాకా నేను కూచోనుంటా."

వద్దు అని నొక్కాడు.

అప్పుడే వీధిలో కరెంటు పోయింది. బల్ల కింద యూపీఎస్ ఆగి ఆగి కూయడం మొదలుపెట్టింది. దాని బ్యాటరీ పాతది. ఎంతోసేపు రాదు.