త్రీ ఫేజు లేదండి

యోబు చెప్పులు చెరువు గట్టు మీద పక్కపక్కనే విప్పి ఉన్నాయి.

తాగి పడ్డవాడు చెప్పులు అంత ఒద్దికగా విప్పుకోడు. ఈ సంగతి ఎస్సైకి తోచలేదు. నాకు తోచింది. నేను చెప్పలేదు.

నా పేరు శ్రీహరి. అప్పుడు ఏలూరులో బీఏ రెండో సంవత్సరం, స్పెషల్ తెలుగు. పెదపాడు దగ్గర మా ఊరు. మా నాన్న సత్తిరాజుకి రెండు చేపల చెరువులు. వాటి కాపలా, మేత అన్నీ యోబే చూసేవాడు.

చెరువు చుట్టూ సన్న ఇనప తీగ ఉండేది. నీటికుక్కలు చేపల్ని తినేస్తున్నాయని నాన్న గట్టువారగా జానెడు ఎత్తున ఒకటి, మొల ఎత్తున ఒకటి, రెండు వరసలు కట్టించాడు. పొద్దుగూకాక దానికి కరెంటు ఇవ్వడం నాన్న పని. తెల్లారగానే షెడ్డులో ప్లగ్గు పీకడం నా పని.

పగలు తీగలో కరెంటు ఉండదని యోబుకి తెలుసు. తవుడు సంచి భుజాన వేసుకుని, తీగని చేత్తో వంచి దాటేవాడు.

ఆ ఆదివారం నేను ప్లగ్గు పీకలేదు.

భారతం చదువుకుంటున్నాను. కాలేజీలో వ్యాసరచన పోటీ. 'ఇతిహాసాలు, వ్యక్తిత్వ వికాసం' అని విషయం. 2007లో మా కాలేజీలో ఏది పట్టుకున్నా వ్యక్తిత్వ వికాసమే.

ద్రోణుడి చేత విల్లు కింద పెట్టించడానికి ధర్మరాజు చెప్పిన మాట దగ్గర ఉన్నాను. చచ్చింది ద్రోణుడి కొడుకు కాదు, అదే పేరున్న ఏనుగు. ఆ 'ఏనుగు' అన్న ముక్క మెల్లగా అన్నాడు. అన్నాడు కాబట్టి అది అబద్ధం కాదని నాలుగు పేజీలు రాశాను. బాగా కుదిరిందని నాకే ముచ్చటేసింది.

అప్పుడు గట్టు మీంచి యోబు భార్య సలోమి కేక వినిపించింది.

ప్లగ్గు గుర్తొచ్చింది. ముందు షెడ్డులోకి పరిగెత్తి పీకేశాను. ఆ తర్వాతే గట్టెక్కాను.

సలోమి నీళ్ళలో చతికిలబడి, మొగుడి తల ఒళ్ళో పెట్టుకుని ఉంది. చర్చికని కట్టుకున్న తెల్లచీరంతా బురద. మేత వేసేసి చర్చికి వెళ్దామని ఇద్దరూ కలిసే బయల్దేరారట.

నాన్న నా మొహం చూశాడు. షెడ్డు వైపు చూశాడు.

మధ్యాహ్నం ఎస్సై వచ్చాడు. "ఈ తీగలో కరెంటుందా?" అన్నాడు.

నాన్న నోరు తెరిచేలోపు నేనే అందుకున్నాను. "ఈ వారం పగలు మాకు త్రీ ఫేజు లేదండి."

త్రీ ఫేజు అన్నది గొణిగాను. లేదండి అన్నది గట్టిగా అన్నాను.

మోటార్లకి వచ్చేది త్రీ ఫేజు. అది ఒక వారం పగలు వస్తే, ఒక వారం రాత్రి. షెడ్డులో బల్బుకి వచ్చే సింగిల్ ఫేజు రోజంతా ఉంటుంది. మా తీగ దాని మీదే. మా ఊళ్ళో ఎవరైనా అయితే సింగిల్ ఫేజు మాటేమిటని అడిగేవారు. ఎక్కడినుంచో బదిలీ మీద వచ్చిన ఎస్సైకి తెలియలేదు.

"మనిషి తాగుతాడా?"

"ఒకప్పుడు బాగా తాగేవాడండి" అన్నాడు నాన్న.

అదీ నిజమే. బాప్తిస్మం తీసుకున్న పదకొండేళ్ళలో చుక్క ముట్టలేదన్నది మాత్రం నాన్న చెప్పలేదు.

మత్తులో పడిపోయాడని రాసుకున్నారు. చర్చిలో సంఘపెద్ద అయిన యోబుని తాగుబోతుగా పాతిపెట్టారు. పాస్టరుగారు ప్రార్థన రెండు ముక్కల్లో ముగించారు.

నా వ్యాసానికి మొదటి బహుమతి వచ్చింది. మా లెక్చరర్ భాస్కరరావుగారు దాన్ని క్లాసులో చదివి వినిపించారు.

"లాయరువి కావలసినవాడివయ్యా. ఒక్కటే సందేహం. అబద్ధం కానప్పుడు మెల్లగా ఎందుకన్నాడంటావు?"

క్లాసంతా నవ్వింది. నేను బహుమతిని సంచీలో దాచేశాను.

ఆ సాయంత్రం బస్సు దిగి ఇంటికి వెళ్ళలేదు. సలోమి ఇంటికి వెళ్ళాను. వాకిట్లో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"రండి బాబూ, కూర్చోండి."

నిలబడే చెప్పాను. "తీగలో కరెంటుంది సలోమీ. పొద్దున్నే ప్లగ్గు పీకాల్సింది నేనే. మర్చిపోయాను."

ఆమె చేట దించలేదు.

"తెలుసండి. ఆయన చెయ్యి తీగకి అంటుకుపోయుంది. లాగితే నాకూ కొట్టిందండి. కర్రతో నెడితే అప్పుడు నీళ్ళలో పడ్డారు."

"మరి ఎస్సైగారికి చెప్పలేదేం?"

"నన్నెవరడిగారండీ?"

నాకు ఏడుపొచ్చింది. ఆమెకి రాలేదు.

"మీరు చదువుకున్నోరు. మీ నోటెంట వస్తుందేమోనని ఇన్నాళ్ళూ చూశానండి." చేటలోంచి ఒక రాయి తీసి పక్కన పడేసింది. "కేసులూ అయ్యీ వద్దు బాబూ. వచ్చే ఆదివారం చర్చికొచ్చి, అందరి ముందూ, ఆయన తాగలేదని ఒక్క మాట చెప్పండి. చాలండి."

ఇరవయ్యేళ్ళు నాకు. మొదటి బహుమతి సంచీలోనే ఉంది.

"నాన్ననడిగి చెబుతాను" అన్నాను.

ఆమె మళ్ళీ రాళ్ళు ఏరసాగింది.

"అలాగేనండి" అంది.

ఆ ఆదివారం వెళ్ళలేదు. ఆ పై ఆదివారమూ వెళ్ళలేదు.

ఆ తర్వాత బస్టాపులో ఎప్పుడు ఎదురుపడినా, తల దించుకునేది సలోమే.